భూపాలపల్లి మెషిన్ ఆగిన రోజు

నా మొదటి ఉద్యోగం జనగామలో, ఒక ధర్మ దవాఖాన మేడమీది చిన్న గదిలో. కంప్యూటర్ చదువు ముగించి, హైదరాబాదులో ఇంటర్వ్యూల చుట్టూ తిరిగి, ఏదీ కుదరక ఇంటికొచ్చి కూర్చున్న రోజులవి. ఆ దవాఖాన నడిపే డాక్టరమ్మకు మా అమ్మ ఎరుక. "నీ బిడ్డను మా దిక్కు తోలరాదు, గా మెషిన్లు చూసుకునేటోళ్ళు లేక పరేషానైతున్నం" అన్నదట. మర్నాడే వెళ్ళి చేరాను. తెలంగాణ ఉద్యమం అప్పటికి ఊరూరా టెంటు వేసుకుని కూర్చుంది. మా దవాఖాన ఎదుటే ఒకటి ఉండేది. పొద్దున నేను మెట్లెక్కేసరికి మైకులో పాట మొదలయ్యేది. సాయంత్రం దిగేసరికి గొంతు బొంగురుపోయిన ఎవరో ఒకరు ఇంకా మాట్లాడుతూనే ఉండేవారు.

దవాఖానకు మానుకోటలోనూ, భూపాలపల్లిలోనూ ఒక్కో శాఖ ఉండేది. మహబూబాబాద్‌ను కాగితాల మీద తప్ప మేమెవరమూ ఆ పేరుతో పిలిచేవాళ్ళం కాదు, మాకది మానుకోటే. మూడు ఊళ్ళూ అప్పటికి ఒకే జిల్లా. అయినా ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోయేసరికి సగం పొద్దు గడిచేది. మూడు చోట్లా ఒక్కో సర్వర్. వాటి ముఖ్యమైన పని రక్తదాతల వివరాలు దాచడం. ఎవరికైనా రక్తం కావాల్సి వచ్చినప్పుడు సిస్టరమ్మ గ్రూపు కొడితే, దగ్గర్లో ఎవరు ఇవ్వగలరో, ఎవరు ఈ మధ్యే ఇచ్చి ఉన్నారో మెషిన్ చూపించి, వాళ్ళ ఫోన్లకు సందేశాలు పంపేది. మూడు మెషిన్లూ ఒకదాని వివరాలు ఒకటి నకలు చేసుకునేవి. ఒకటి ఆగినా మిగతా రెండింటిలో అంతా ఉండేది. మా చదువులో దీన్నే డిస్ట్రిబ్యూటెడ్ కంప్యూటింగ్ అనేవాళ్ళు. పరీక్షల్లో దాని మీద పేజీలు నింపాను కానీ, అది మనుషుల ప్రాణాలకు ఎంత దగ్గరగా ఉండగలదో అక్కడికి వెళ్ళాకే తెలిసింది.

ఆ సర్వర్లను అమర్చింది హైదరాబాదు నుంచి వచ్చిన ఒక సార్. గుంటూరు వైపు మనిషి. పనిమంతుడే. నేను ఫోన్ చేసి "సర్వర్ లేస్తలేదు సార్" అంటే, ఆ "లేస్తలేదు"ను సినిమాల్లో లాగా సాగదీసి తిరిగి నాకే వినిపించి నవ్వేవాడు. అందుకని ఆయనతో నేను పుస్తకాల్లోని భాష మాట్లాడటం మొదలుపెట్టాను. ఒక్కో సర్వర్ లోపల ఆయన మూడు వర్చువల్ మెషిన్లు పెట్టాడు. దాతల వివరాలకు ఒకటి, సందేశాలు పంపడానికి ఒకటి, పరీక్షల రిపోర్టులకు ఒకటి.

నాకు ఆ సంగతులన్నీ విడమరిచి చెప్పింది మాత్రం మానుకోట అన్న. మానుకోట మెషిన్ చూసుకునేవాడు. గూడూరు దగ్గరి తండా ఆయనది. హైదరాబాదులో వేరేవాళ్ళ సర్వర్లు అద్దెకు నడిపే కంపెనీలో ఏళ్ళ తరబడి పనిచేసి, కూతురి కోసం తిరిగి వచ్చాడు. ఆ పిల్లకు తలసీమియా. ఒంట్లో రక్తం నిలవదు. నెలలో ఒకసారైనా, ఒక్కోసారి రెండుసార్లు కూడా ఎక్కించాలి. తండాల్లో ఆ జబ్బు పిల్లలు చాలామంది ఉండేవాళ్ళు. ఆయన కూతురితో వాళ్ళ ఇంటి భాషలో మాట్లాడేవాడు, మాతో తెలుగులో, మెషిన్‌తో అయితే ఏదీ మాట్లాడకుండా గంటలు కూర్చునేవాడు.

"వర్చువల్ మెషిన్ అంటే ఏందంటే చెల్లె," అన్నాడు ఒకసారి, "ఒక్కటే పెంకుటిల్లు, అండ్ల మూడు కాపురాలు. ఎవల పొయ్యి వాళ్ళదే, ఎవల బాయి వాళ్ళదే, నడుమ గోడలు. ఒకలింట్ల నిప్పంటుకున్నా పక్కోళ్ళకు సెగ తాకది. కంటెయినర్ అంటే గదే ఇల్లు, బాయి ఒక్కటే, పొయ్యి ఒక్కటే. నడుమ చీరె అడ్డం కట్టుకుంటం."

"గోడే మంచిగుంటది కదన్నా?"

"మంచిగనే ఉంటది. కని మూడు బాయిలు తవ్వాలె."

ఆ బావి అంటే కెర్నల్. ఆపరేటింగ్ సిస్టం నడిబొడ్డు. వర్చువల్ మెషిన్‌లో ప్రతిదానికీ సొంత కెర్నల్ ఉంటుంది, అంటే ప్రతి ఒక్కటీ ఒక పూర్తి కంప్యూటర్‌లా మొదటి నుంచి లేవాలి. కంటెయినర్లన్నీ ఒకే కెర్నల్ మీద నడుస్తాయి, అందుకే క్షణాల్లో మొదలవుతాయి. ఇప్పుడు కంటెయినర్లు లేని చోటు లేదు. అప్పుడు మాత్రం అవి ఇంకా పచ్చివి. మా చుట్టుపక్కల వాటి పేరు విన్నవాళ్ళే తక్కువ.

ఆ యేడు వానలు వెనకబట్టాక సమ్మె మొదలైంది. ఆఫీసులు, బడులు, బస్సులు, చివరికి బొగ్గు గనులు కూడా ఆగిపోయాయి. బొగ్గు లేక కరెంటు పోవడం మొదలైంది. ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో, వచ్చింది ఎంతసేపు ఉంటుందో ఎవరూ చెప్పలేకపోయేవారు. ఇన్వర్టర్ బ్యాటరీలు నిండే లోపే మళ్ళీ చీకటి.

రైళ్ళు కూడా ఆగిపోయి నేను మానుకోటలో చిక్కుకుపోయాను. ఏదో పని మీద వెళ్ళి, తిరిగి వచ్చే దారి లేక అక్కడి సిస్టర్ ఇంట్లోనే ఉన్నాను. ఆ వారంలోనే అన్న కూతురికి రక్తం ఎక్కించాల్సి ఉంది. మామూలుగా వరంగల్ నుంచి వచ్చేది. రోడ్ల మీద రాస్తారోకోలు, బండి రాలేదు. పిల్ల పెదవులు తెల్లబడ్డాయి. దవాఖాన వరండాలో బల్ల మీద పడుకుని, ఎవరైనా మాట్లాడిస్తే కళ్ళు తెరిచి మళ్ళీ మూసుకునేది.

దగ్గర్లోని దాతలను పిలవాలంటే మెషిన్ లేవాలి. మిగతా రెండు చోట్లా అవే కరెంటు తిప్పలు. కరెంటు వచ్చింది. సర్వర్ లేచింది. దాని లోపల మొదటి వర్చువల్ మెషిన్ లేవడం మొదలైంది. పాత మెషిన్, అంతంతమాత్రం మెమరీ. మధ్యలో ఆగిపోయిందంటే మళ్ళీ లేచేటప్పుడు డిస్కంతా తడుముకుని చూసుకుంటుంది, ఇంకా ఆలస్యం. రెండోది సగం లేచేసరికి కరెంటు పోయింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ మొదటి నుంచి. మళ్ళీ పోయింది. అన్న తెర ముందు నుంచి కదలలేదు. వరండాలో నుంచి వాళ్ళావిడ వచ్చి తలుపు దగ్గర నిలబడి ఏదో అడిగింది, వాళ్ళ భాషలో. ఆయన తల తిప్పకుండానే జవాబు చెప్పాడు. ఆమె తిరిగి పిల్ల దగ్గరికి వెళ్ళింది.

"ఏమన్నది వదిన?" అన్నాను.

"లేచిందా అని. లేస్తున్నదని చెప్పిన."

అది లేచే లోపే ఎవరో పోలీసు కానిస్టేబుల్ సంగతి విని, తనది అదే గ్రూపని తానుగా వచ్చి ఇచ్చిపోయాడు, పిల్ల బతికింది. ఆ మనిషి పొద్దునంతా రైలు పట్టాల మీద కుర్రాళ్ళను లాగి పక్కకు పడేసే డ్యూటీలో ఉండి వచ్చాడు. ఆ సంగతి తెలిసీ అన్న ఆయన చేతులు పట్టుకుని వదల్లేదు.

ఆ తర్వాత అన్న ఒకటే మాట. కంటెయినర్లకు మారాలి. డాక్టరమ్మ హైదరాబాదు సార్‌కు ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టింది.

"అవి ఇంకా కుదురుకోలేదండీ," అన్నాడాయన. ఆ రోజు ఎగతాళి లేదు. "కెర్నల్ ఒక్కటే కదా. ఒక ప్రోగ్రాం అదుపు తప్పిందంటే మిగతావాటిని కూడా ముంచుతుంది. మెమరీకి హద్దులు పెట్టే పద్ధతి ఉంది గానీ, దాని మీద నాకింకా నమ్మకం లేదు."

"సార్, మీ గోడలు మంచియే," అన్నాడు అన్న. "కని అవి లేచేదాక ఈడ కరెంటు ఉంటలేదు."

"అదీ నిజమే," అన్నాడు సార్. "మీరు అక్కడున్నారు. మీకు తెలుస్తుంది."

డాక్టరమ్మ సరేనంది. మానుకోటలో ముందుగా మార్చాం. కరెంటు వచ్చిందంటే ఫ్యాన్ పూర్తిగా తిరగకముందే దాతల వివరాలు తెర మీద ఉండేవి. అన్న మొహంలో నవ్వు చూడటం నాకు అదే మొదలు. తర్వాత జనగామ. ఆఖరుకు భూపాలపల్లి.

భూపాలపల్లికి అన్న మోటారు సైకిల్ మీద వెళ్ళాం. పరకాల దాటాక ఒకచోట రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. మమ్మల్ని ఆపి, దవాఖాన వాళ్ళమని తెలిసి, కూర్చోబెట్టి అన్నం పెట్టారు. ఒక ముసలవ్వ నా విస్తరిలో పప్పు పోస్తూ, "తెలంగాణ వస్తే కరెంటు పోదట గద బిడ్డా?" అని అడిగింది. నేను అన్న వైపు చూశాను. "వస్తది అవ్వా, కరెంటొస్తది," అన్నాడాయన. సాయంత్రానికి భూపాలపల్లి మెషిన్ కూడా మారిపోయింది. అక్కడి సిస్టరమ్మకు ఎలా వాడాలో చూపించి, మెయిన్ స్విచ్ తీసి వేసి చూపించాం. ఆమె కూడా నవ్వింది.

తర్వాత జరిగింది నేను చూడలేదు. సిస్టరమ్మ చెప్పగానూ, మెషిన్‌లో మిగిలిన లాగ్, అంటే అది తన ప్రతి పనినీ రాసుకునే చిట్టా, చూసీ తెలుసుకున్నాను.

కాటారం అవతలి ఊరి నుంచి ఒక ఆమెను ఆటోలో తెచ్చారు. కాటారం అప్పట్లో వేరే జిల్లా, అయినా వాళ్ళకు దగ్గరి దవాఖాన భూపాలపల్లిలోనే. రెండో కాన్పు, ఇంట్లోనే అయింది, రక్తం ఆగడం లేదు. దారిలో రోడ్డుకు అడ్డంగా కూర్చున్నవాళ్ళు ఆటోలోకి చూసి లేచి దారిచ్చారు. ఇద్దరు ముందు బండి మీద వచ్చి, మిగతా అడ్డాలు కూడా తీయించారు. వాళ్ళు దవాఖాన చేరేసరికి మధ్యాహ్నం. ఆమెది ఓ నెగెటివ్. దొరకడం కష్టమైన గ్రూపు.

ఆ రోజు భూపాలపల్లిలో కరెంటు ఉంది. మెషిన్ వెలుగుతూనే ఉంది. కానీ పొద్దున్నుంచీ ఫోన్ టవర్ పనిచేయడం లేదు, దాని జనరేటర్‌కు డీజిల్ అయిపోయింది. టెలిఫోన్ ఎక్స్చేంజ్ బ్యాటరీలూ చచ్చి, మా మూడు మెషిన్లను కలిపే లైను కూడా తెగిపోయింది. అంతకుముందు వేరే రోగుల కోసం కొట్టి, పంపలేకపోయిన సందేశాలను సందేశాల ప్రోగ్రాం వదిలేయలేదు. దాచుకుని మళ్ళీ పంపబోయింది, పోకపోతే మళ్ళీ దాచుకుంది. పంపబోయిన ప్రతిసారీ ఇంకాస్త మెమరీ పట్టుకుంది. దానికి మేం పెట్టిన హద్దు పనిచేయలేదు. కడుపు నిండి ఊపిరాడని కెర్నల్ తనను తాను కాపాడుకోవడానికి ఏదో ఒక ప్రోగ్రాంను చంపాలి. దాతల ప్రోగ్రాంను చంపింది. ఆ తర్వాత తానూ బిగుసుకుపోయింది. ఫోన్ లేకున్నా తెర మీద దాత పేరూ ఇల్లూ కనిపిస్తే మనిషిని పంపి పిలిపించవచ్చు, ఆ దారీ మూసుకుపోయింది.

సిస్టరమ్మ స్విచ్ తీసి వేసింది. మేం చూపించినట్టే క్షణాల్లో లేచింది. లేస్తూనే ఆ దాచుకున్న సందేశాలన్నీ మళ్ళీ మీదేసుకుని మళ్ళీ బిగుసుకుంది. ఆమె మళ్ళీ స్విచ్ తీసి వేసింది. ఫోన్ లేదు, మమ్మల్ని అడగడానికి లేదు. అవే వివరాలు జనగామలో నా ముందున్న మెషిన్‌లో భద్రంగా ఉన్నాయి. ఆ మధ్యాహ్నం నేను వాటిని చూస్తూనే ఉన్నాను.

సిస్టరమ్మ మెషిన్ వదిలేసి, గని కార్మికుల టెంటుకు పరుగెత్తింది. మాట్లాడుతున్న మనిషి చేతిలోంచి మైకు తీసుకుని అడిగింది. టెంటులో కూర్చున్నవాళ్ళంతా లేచారట. అందరూ ఇస్తామన్నవాళ్ళే, ఆ గ్రూపు ఉన్నవాడే లేడు. చివరకు ఒకాయనకు గుర్తొచ్చింది, కాలనీలో ఫలానా ఇంట్లో ఒకతను ఇస్తుంటాడని. ఇంటికి వెళితే చేను దగ్గరికి పోయాడన్నారు. చేను దగ్గరికి వెళ్ళి తీసుకొచ్చారు. ఆయన కాళ్ళకున్న మట్టితోనే బల్ల మీద పడుకుని చెయ్యి చాపాడు. పక్క గదిలో బాలింత అప్పటికే పోయింది.

కబురు మాకు మర్నాడు వచ్చింది. అన్న మానుకోట నుంచి, నేను జనగామ నుంచి వేర్వేరుగా బయల్దేరి భూపాలపల్లి చేరాం. నేను వెళ్ళేసరికి ఆయన మెషిన్ ముందు కూర్చుని లాగ్ చదువుతున్నాడు. ఒకే పుటను కిందికీ పైకీ కదిలిస్తున్నాడు.

చనిపోయినామె భర్త ఏదో కాగితం కోసం వచ్చి వరండాలో కూర్చున్నాడు. నా వయసువాడే ఉంటాడు. భుజం మీది తువ్వాల కొస పళ్ళ మధ్య పట్టుకుని ఉన్నాడు. ఆయనెవరో సిస్టరమ్మ చెప్పగానే అన్న లేచి వెళ్ళి ఆయన ఎదురుగా కింద కూర్చున్నాడు. నేను వద్దనే లోపే మాట మొదలుపెట్టాడు.

"తమ్మీ, రక్తం ఇచ్చేటోళ్ళ పేర్లు మెషిన్ల ఉంటయి. నిన్న గది ఆగింది," అన్నాడు అన్న. "దాన్ని గట్ల పెట్టింది నేనే."

అతను తువ్వాల కొస పళ్ళ మధ్య నుంచి తీశాడు. "కరెంటు పోయిందా?"

"పోలే. కరెంటున్నది."

"మరెందుకు ఆగింది?"

అన్న చెప్పడం మొదలుపెట్టాడు. టవర్ సంగతి, సందేశాల సంగతి, ఒకటి మిగతావాటిని ఎలా ముంచిందో. చాలా నెమ్మదిగా, ఒక్క ఇంగ్లీషు మాట కూడా రాకుండా చెప్పాడు. నాకెప్పుడూ అంత బాగా అర్థం కాలేదు. అతను చివరిదాకా విన్నాడు.

"మా ఆమెకు రక్తం దొరకలే," అన్నాడు. "గంతే కదన్నా."

"గంతే."

"పిల్ల మంచిగున్నది," అన్నాడు అతను, ఎవరో అడిగినట్టు. "మా అవ్వ తాన ఉన్నది." కాగితం తెచ్చిన సిస్టరమ్మను చూసి లేచి, దాన్ని మడిచి జేబులో పెట్టుకుని గేటు దాటి వెళ్ళిపోయాడు.

డాక్టరమ్మ ఎవరినీ ఒక్క మాట అనలేదు. చనిపోయినామె వచ్చేసరికే చాలా రక్తం పోయిందని, సమయానికి దొరికినా నిలిచేదో లేదో తాను చెప్పలేనని అంది. హైదరాబాదు సార్ బస్సులు లేకపోయినా ఎలాగో వచ్చాడు. లాగ్ అంతా చూశాడు. వర్చువల్ మెషిన్ అయి ఉంటే సందేశాల గది ఒక్కటే కూలేది, దాతల వివరాలు నిలబడేవి, అది నిజం. "కానీ ముందురోజు అక్కడ పొద్దంతా కరెంటు లేదు, ఆ రోజు కూడా పొద్దెక్కాకే వచ్చింది," అన్నాడు. "పాత పద్ధతిలో ఆ మెషిన్ ఆమె వచ్చే వేళకు లేచి ఉండేదో లేదో నాకూ తెలియదు. ఎవరికీ తెలియదు." అన్న భుజం మీద చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకున్నాడు.

ఎవరికీ తెలియదన్న ఆ మాటే అన్నను నిలవనీయలేదని నా అనుమానం. తప్పు ఇక్కడ జరిగిందని ఎవరైనా వేలు పెట్టి చూపితే ఏడ్చి ఊరుకునేవాడేమో. భూపాలపల్లిలో కంటెయినర్లు తీసేసి వర్చువల్ మెషిన్లు తిరిగి పెట్టాడు. మానుకోటలో మాత్రం తీయలేదు. అక్కడ తీస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు, ఆయన కూతురు అక్కడుంది. ఈ రెండు పనుల మధ్య ఆయన నలిగిపోవడం నేను చూశాను. ఒకరోజు తాళంచెవులు సిస్టర్ చేతికిచ్చి ఇంటికి వెళ్ళి, ఇక రాలేదు. సమ్మె ఆగింది, బస్సులు తిరిగాయి. నేను ఎన్నిసార్లు ఫోన్ చేసినా, "మంచిగున్నం చెల్లె" అనేవాడు, అంతే.

భూపాలపల్లి శాఖను నడిపే డాక్టర్ దొరకక ఏడాది తిరిగేసరికి మూసేశారు. ఆ మెషిన్‌ను మూట కట్టి జనగామ తెచ్చి నా గదిలో ఒక మూల పెట్టారు. నేను దాన్ని ఎప్పుడూ ఆన్ చేయలేదు.

తెలంగాణ వచ్చిన రోజున జనగామ చౌరస్తాలో పటాకులు, రంగులు. మా డాక్టరమ్మ కూడా నెత్తి మీద గులాల్ పోయించుకుని నవ్వుతూ మెట్లెక్కింది. నేనూ దిగి వెళ్ళాను, ఎవరెవరితోనో ఎగిరాను. ఆ ఆనందం అబద్ధం కాదు. అందులోనే ఒకసారి అన్నకు ఫోన్ చేశాను. ఎత్తలేదు.

కొన్నాళ్ళకు నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. వెళ్ళే ముందు గూడూరు బస్సెక్కి, దిగి, నడిచి తండాకు వెళ్ళాను. అన్న మిరప చేలో నారు పెడుతున్నాడు. సన్నబడ్డాడు. పిల్ల బడికి పోతోంది, కానీ ఎక్కించిన రక్తంలోని ఇనుము ఒంట్లో పేరుకుని చర్మం నల్లబారింది. గుండెకు కూడా పట్టిందని మందులిస్తున్నారట. వదిన చాయ్ పెట్టింది. కొత్త కంపెనీలో అంతా కంటెయినర్లేనని, ఇప్పుడు అవి బాగా కుదురుకున్నాయని, ఆయన లాంటి మనిషి కావాలంటే రేపే తీసుకుంటారని చెప్పాను.

"ఇగ నాతోని గాదు చెల్లె," అన్నాడు.

చాయ్ తాగాక, చేను గట్టు మీద కూర్చుని, ఎవరికీ చెప్పలేదంటూ ఒక సంగతి చెప్పాడు. మొన్న ఎండాకాలంలో కాటారం వెళ్ళాడట. అక్కడి నుంచి ఊరు అడుగుతూ అడుగుతూ చనిపోయినామె ఇల్లు కనుక్కున్నాడు. ఆమె భర్త లేడు, కూలికి ఎటో దూరం పోయాడన్నారు. ముసలామె ఉంది. ఆ రోజు పుట్టిన పిల్ల వాకిట్లో ఆడుకుంటోంది, చెవులకు వేపపుల్లలు పెట్టి ఉన్నాయి.

"ఎవలు బిడ్డా అని అడిగింది అవ్వ," అన్నాడు. "ఏమని చెప్పాలె? దారి తప్పిన, జర మంచినీళ్ళియ్యి అన్న."

"ఇచ్చిందా?"

"గా పిల్లే తెచ్చిచ్చింది. చెంబు రెండు చేతులతోని పట్టుకొని. సగం వలకపోసుకున్నది." ఆయన చేతిలోని మట్టిని నలుపుతూ కూర్చున్నాడు. "తాగి వచ్చిన."

వదిన పిలిస్తే ఇద్దరం లేచాం. అన్న నన్ను రోడ్డు దాకా దింపి, నారు వాడిపోతుందని తొందరగా వెనక్కి వెళ్ళాడు. బస్సు చాలాసేపటి దాకా రాలేదు.